జట్టు జాబితా ఎవరి చేతిలో ఉండాలి?

ర్యాగింగ్‌ను అరికట్టేందుకు యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లో శిక్షల పట్టిక ఒకటుంది. తరగతులకు రానీయకపోవడం, స్కాలర్‌షిప్ ఆపడం, పరీక్ష రాయనీయకపోవడం, ఫలితం నిలిపేయడం, హాస్టల్ ఖాళీ చేయించడం, చివరికి అడ్మిషనే రద్దు చేయడం. ఇవన్నీ చాలామందికి తెలుసు. వీటి నడుమ పెద్దగా ఎవరి కంటా పడని శిక్ష ఇంకొకటుంది. ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో, టోర్నమెంట్లలో, యువజనోత్సవాల్లో ఆ విద్యార్థి కాలేజీ తరఫున పాల్గొనకుండా నిషేధించడం. తోటివాణ్ణి హింసపెట్టినవాడు కాలేజీ జెర్సీ వేసుకోవద్దని చెప్పే అధికారం ప్రతి కాలేజీకీ పదిహేనేళ్లకు పైగా ఉందన్నమాట. నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాలకు ఉన్నంత అధికారం అచ్చంపేట, దేవరకొండ వైపు ఉండే చిన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీకీ ఉంది.

అధికారమైతే ఉంది. ఆ కారణం చూపి జట్టు జాబితా మార్చిన కాగితం మాత్రం కాలేజీ నోటీసు బోర్డు మీద నేనెన్నడూ చూడలేదు. మన దగ్గర ఆటగాడి మీద ఫిర్యాదు వచ్చిందంటే, విశ్వవిద్యాలయాల సౌత్ జోన్ పోటీలు ఎంత దగ్గర్లో ఉన్నాయన్నదాన్ని బట్టి విచారణ నడక మారుతుంది. పోటీలు ముంగిట్లో ఉంటే "పోయి వచ్చినంక చూద్దాం" అంటారు. వచ్చేసరికి సెమిస్టర్ పరీక్షలు. పరీక్షలయ్యాక ఆ పిల్లగాడు టీసీ తీసుకుని వెళ్లిపోతాడు. ఫిర్యాదు ఇచ్చిన విద్యార్థికి ఏం తేలిందో చెప్పేవాళ్లుండరు. నేను అనేది ఒక్కటే. జట్టును గెలిపించాల్సిన భారం ఎవరి మీద ఉందో, ఆ జట్టులోని వాళ్ల తప్పొప్పులు తేల్చే పని వాళ్లకు అప్పగించకూడదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఈ సంగతిని చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది, అదీ సగమే. మనం ఆ ఖరీదు చెల్లించాల్సిన పని లేదు.

ముందు మన రంగస్థలం సంగతి. నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకు ముందు ఈ ప్రాంతపు కాలేజీలన్నీ ఉస్మానియా కిందే ఉండేవి. పాలమూరు కబడ్డీ ఆటగాడు వర్సిటీ జట్టులోకి రావాలంటే హైదరాబాద్‌లో సెలెక్షన్స్‌కు నిలబడాల్సి వచ్చేది. సొంత విశ్వవిద్యాలయాలు వచ్చాక జట్టులో చోటు దగ్గరైంది. ఇంటర్ కాలేజీ టోర్నమెంట్, దాని వెంట సెలెక్షన్స్, కొన్నాళ్ల కోచింగ్ క్యాంపు, ఆ తర్వాత భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే సౌత్ జోన్ పోటీలు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఇక్కడ ప్రాణం. ఫుట్‌బాల్ ఉంది కానీ దాని ఉనికి తక్కువ. టికెట్ల ఆదాయం లేదు, టీవీ ఒప్పందాలు లేవు. మ్యాచ్ చూడ్డానికి వచ్చేది ఎక్కువగా స్నేహితులు, పక్క కాలేజీల పిల్లలు.

డబ్బే లేని చోట తప్పు కప్పిపుచ్చాల్సిన అవసరం ఎవరికి? జవాబు సర్టిఫికెట్‌లో ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఉద్యోగాల భాషలో ఫారం-3 అంటారు. ఫారం-1 అంతర్జాతీయ పోటీలకు, ఫారం-2 జాతీయ పోటీలకు, ఫారం-4 పాఠశాల క్రీడలకు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 74తో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ వచ్చింది. వృత్తివిద్యా కోర్సుల అడ్మిషన్లలో అర శాతం కోటా ఉంది. కానిస్టేబుల్ కొలువుకో, టీచర్ కొలువుకో ఏళ్లతరబడి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలున్న జిల్లాలివి. తల్లిదండ్రులు ముంబైకో పుణెకో మట్టిపనికి పోతే, అవ్వ దగ్గర పెరిగి డిగ్రీదాకా వచ్చిన పిల్లవాడికి ఆ ఒక్క కాగితం విలువెంతో వేరే చెప్పక్కర్లేదు. అది పోతుందంటే అతనికే కాదు, అతన్ని తీర్చిదిద్దిన సారుకూ గుండె కలుక్కుమంటుంది.

ఆ సారును దగ్గరగా చూడాలి. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ అంటే అందరికీ పీడీ సారు. పొద్దున్నే సున్నంతో గీతలు గీయించేది ఆయనే. ఎంట్రీ ఫారాలు నింపి, హాజరు సరిచూసి, పుట్టినతేదీ రుజువులు జతచేసేది ఆయనే. స్లీపర్ క్లాసు టికెట్లు దొరక్కపోతే జనరల్ బోగీలో జట్టుతోపాటు నిలబడి వెళ్లేది, ఆతిథ్య యూనివర్సిటీ క్లాసురూములో పరుపులు పరిపించి పిల్లల్ని పడుకోబెట్టేది, టీఏ డీఏ బిల్లు పాస్ కాకపోతే జేబులోంచి అన్నం పెట్టించేది, మోకాలు బెణికితే కట్టు కట్టేది కూడా ఆయనే. ఆ పోస్టు ఖాళీగా ఉన్నచోట ఏ కామర్స్ లెక్చరరో ఇన్‌చార్జిగా ఇవన్నీ మోస్తుంటారు. ఇన్ని పనుల్లో ఇంకొకటిగా క్రమశిక్షణ కూడా ఆయన మీదే పడింది. ఆయన మంచితనాన్ని నేను శంకించడం లేదు. బిడ్డలా చూసుకున్న ఆటగాడి మీద ఆరోపణ వచ్చినప్పుడు నిష్పాక్షికంగా ఉండమని ఆ మనిషిని అడగడమే అన్యాయం.

ఎవరినీ ఉద్దేశించకుండా ఒక ఊహా సంఘటన చెబుతాను. కబడ్డీ జట్టు ప్రధాన రైడర్ హాస్టల్లో మొదటి సంవత్సరం పిల్లవాణ్ణి రాత్రిపూట బట్టలు ఉతకమన్నాడు, కాదన్నందుకు కొట్టాడు. చెవిలో రక్తం వచ్చింది. వార్డెన్ పీడీ సారుకు ఫోన్ చేస్తాడు. సారు ఇద్దరినీ పిలుస్తాడు. "తమ్మీ, అన్న తప్పు ఒప్పుకుంటున్నడు. పై వారం మ్యాచ్‌లున్నయి. నువ్వు గూడ ఎల్లుండి జట్టులకు వచ్చేటోనివే." రైడర్ సారీ చెబుతాడు, చేతులు కలుపుతారు. మరునాడు రెండు ఊళ్ల పెద్దమనుషులు ప్రిన్సిపల్ గదిలో కూర్చుంటారు. చాయ్ వస్తుంది. వైద్యం ఖర్చు ఇంతని మాట్లాడుకుంటారు. పంచాయితీ తెగింది. ఎక్కడా ఒక్క అక్షరం రాసిన కాగితం లేదు. దెబ్బలు తిన్న పిల్లవాడు హాస్టల్ ఖాళీ చేసి రోజూ బస్సులో వచ్చిపోతుంటాడు. జట్టు సౌత్ జోన్‌కు పోతుంది.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు, రైడర్ కొట్టిన దెబ్బ తప్ప దుర్మార్గపు పని కూడా కనిపించదు. అందరూ సర్దుబాటు చేయాలనే చూశారు. అయినా చట్టం ప్రకారం ఇక్కడ చాలా ఉల్లంఘనలు జరిగాయి. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. ఫిర్యాదు అందితే సంస్థాధిపతి వెంటనే విచారించాలి, మొదటి చూపుకే నిజమనిపిస్తే నిందితుణ్ణి సస్పెండ్ చేయాలి. చేయకుండా వదిలేస్తే ఆ అధిపతి నేరానికి తోడ్పడినట్టే లెక్క. ఆరు నెలల జైలుతో మొదలై, ప్రాణం పోయిన సందర్భంలో యావజ్జీవం దాకా పోయే శిక్షలున్న చట్టమది. యూజీసీ నిబంధనలైతే నేరం కనబడితే 24 గంటల్లో పోలీసులకు ఎఫ్ఐఆర్ కోసం రాయాలంటాయి. దెబ్బలు తిన్నవాడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే, జరిగింది లైంగిక వేధింపైతే, పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసీ చెప్పకపోవడమే ఆ చట్టం కింద నేరం. ఇంటర్, డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల్లో పదిహేడేళ్లవాళ్లు బోలెడుమంది. చాయ్ తాగి తెంపే పంచాయితీకి ఇక్కడ చోటే లేదు.

నిబంధనలు పూర్తిగా కాగితాలకే పరిమితమని చెప్పడం కూడా సబబు కాదు. 2024 నవంబరులో నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలలో జూనియర్లను ర్యాగింగ్ చేశారన్న ఫిర్యాదు వస్తే, విచారించి కొందరిని కొంతకాలం సస్పెండ్ చేశారు. వైద్య కళాశాలల్లో ఈ మాత్రం కదలిక రావడానికి వెనక చాలా విషాదాలున్నాయి. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాకే నేటి యూజీసీ నిబంధనలు రూపుదిద్దుకున్నాయి. అంతకు ముందే ర్యాగింగ్ మీద వేసిన రాఘవన్ కమిటీ ఈ విషయమంతా కూలంకషంగా చెప్పి ఉంది. పత్రికల చూపు పడే చోట నిబంధన కదులుతుంది. డిగ్రీ కాలేజీ గ్రౌండు మీద ఆ చూపు పడదు.

ఆటల్లో కొన్ని తప్పులకు మాత్రం శిక్ష చకచకా పడుతుంది. వాటిని గమనిస్తే అసలు లోపం ఎక్కడుందో బోధపడుతుంది. వేరే విద్యార్థి పేరుతో బయటివాణ్ణి దింపారనుకోండి. ఎదుటి జట్టు మేనేజర్ వెంటనే ప్రొటెస్ట్ ఇస్తాడు. ఐడీ కార్డు, పదో తరగతి మెమో బల్ల మీదకు వస్తాయి. తేలిందంటే జట్టునే పోటీ నుంచి తప్పిస్తారు. రిఫరీ మీద చేయి చేసుకున్నా అంతే, అందరూ చూస్తుండగా జరిగింది కాబట్టి దాచేది ఉండదు. డోపింగ్ విషయంలో నమూనా తీసుకునేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా, తీర్పు చెప్పేది వేరే ప్యానెల్. కోచ్ జాలికి అక్కడ తావు లేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలిసి ఆటగాళ్లు మాయమయ్యారు. పురుషుల వంద మీటర్ల ఫైనల్లో చివరికి పరుగెత్తింది ఒక్కడే. ఆ ఏడాది మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో రెండు వందలకు పైగా పాజిటివ్ వచ్చాయి. సిగ్గుపడాల్సిన లెక్కే, కానీ ఆ లెక్క బయటికి రావడానికి కారణం లెక్క తీసేవాడు జట్టు మనిషి కాకపోవడం.

నష్టపోయేది ఎదుటి జట్టైతే నిబంధన నిద్ర లేస్తుంది. నష్టపోయేది సొంత కాలేజీ జూనియరో, పక్క జట్టు అమ్మాయో అయితే ప్రొటెస్ట్ ఇవ్వడానికి వాళ్ల వెనుక మేనేజర్ ఎవరూ ఉండరు. నా దృష్టిలో మొత్తం సమస్య ఇదే.

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోసు బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. లక్షమందికి పైగా పట్టే స్టేడియాలు, విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కన్నా చాలా ఎక్కువ జీతం తీసుకునే కోచ్‌లు. మన పిల్లలు వేలమంది ఆ యూనివర్సిటీల్లోనే చదువుతున్నారు కాబట్టి ఇది మనకు అంత దూరపు ముచ్చటేం కాదు.

1995లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం జట్టులో లారెన్స్ ఫిలిప్స్ అనే గొప్ప ఆటగాడు తన మాజీ స్నేహితురాలి మీద దాడి చేశాడు. ఆమె కూడా ఆ యూనివర్సిటీ క్రీడాకారిణే. కోచ్ టామ్ ఆస్బర్న్ అతన్ని సస్పెండ్ చేసి, ఆరు మ్యాచ్‌ల తర్వాత మళ్లీ జట్టులోకి తీసుకున్నాడు. 1996 జనవరి 2న జాతీయ టైటిల్ పోరులో ఫిలిప్స్ ఆడాడు, నెబ్రాస్కా 62-24తో ఫ్లోరిడాను ఓడించింది. ఆస్బర్న్ కపటి కాదు, ఆ రాష్ట్రంలో ఎంతో గౌరవం ఉన్న మనిషి. దిక్కులేని బాల్యం నుంచి వచ్చిన ఆ కుర్రాడికి ఆట ఒక్కటే ఆధారమనీ, అది తీసేస్తే పూర్తిగా చెడిపోతాడనీ ఆయన వాదన. మన పీడీ సార్ల వాదనా ఇదే: "పేదోల్ల పిల్లగాడు సార్, బతుకు ఖరాబైతది." ఫిలిప్స్ తర్వాతి జీవితం చూస్తే ఆ వాదన గెలవలేదు. మళ్లీ మళ్లీ హింస కేసుల్లో ఇరుక్కున్నాడు, దీర్ఘకాలం జైలు శిక్ష పడింది, 2016 జనవరిలో కాలిఫోర్నియా జైల్లోనే చనిపోయాడు. ఒక్క జీవితంతో సూత్రం తేల్చలేం కానీ, మైదానంలో నిలబెట్టడమే మనిషిని నిలబెట్టడమన్న నమ్మకానికి ఆధారం ఎంత తక్కువో దీంతో తెలుస్తుంది. ఆ వాదనలో దాడికి గురైన అమ్మాయి బతుకు ప్రస్తావన ఎక్కడుంది? ఆమె కూడా ఆటే నమ్ముకుంది కదా.

1998లో ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆటగాళ్ల మీద సామూహిక అత్యాచారం ఆరోపణ వచ్చింది. కేసు కోర్టుకు వెళ్లలేదు. ఇద్దరికి కోచ్ వేసిన శిక్ష ఒక్క మ్యాచ్ సస్పెన్షన్, కొన్ని గంటల సమాజసేవ. బాధితురాలు బ్రెండా ట్రేసీ పదహారేళ్ల తర్వాత, 2014లో తన పేరుతోనే ముందుకు వచ్చి మాట్లాడింది. తర్వాత కాలేజీలు తిరిగి ఆటగాళ్లతోనే ఈ విషయం చర్చించింది. ఆమె వల్లే అక్కడ ఒక డిమాండు బలపడింది: హింసకు పాల్పడినట్టు తేలిన క్రీడాకారుణ్ణి ఒక కాలేజీ తీసేస్తే ఇంకో కాలేజీ చేర్చుకోకూడదు.

అన్నిటికంటే బేలర్ విశ్వవిద్యాలయం కథను మనవాళ్లు నిదానంగా చదవాలి. టెక్సస్‌లోని వేకోలో ఉన్న మతసంస్థ విశ్వవిద్యాలయమది. ఎన్నో ఏళ్లు ఓడిపోతూ వచ్చిన జట్టు కోచ్ ఆర్ట్ బ్రైల్స్ హయాంలో గెలవడం మొదలుపెట్టింది, కొత్త స్టేడియం కట్టారు. ఆటగాళ్ల మీద లైంగిక దాడి ఫిర్యాదులు వరుసగా వచ్చాయి. పెప్పర్ హామిల్టన్ అనే న్యాయవాద సంస్థతో విచారణ చేయించి, 2016 మే నెలలో దాని సారాంశం బయటపెట్టారు. ఫుట్‌బాల్ విభాగం తనకంటూ వేరే క్రమశిక్షణ పద్ధతి పెట్టుకుందనీ, ఫిర్యాదుదారులతో సిబ్బందే నేరుగా మాట్లాడి విషయం విశ్వవిద్యాలయ విచారణ విభాగం దాకా పోకుండా చూశారనీ అందులో తేలింది. కోచ్ పోయాడు, అధ్యక్షుడు కెన్ స్టార్‌ను ఆ పదవి నుంచి తప్పించారు, క్రీడా విభాగం అధిపతి రాజీనామా చేశాడు. ఇది చదివినప్పుడు నాకు మన ప్రిన్సిపల్ గదుల పంచాయితీలే గుర్తుకొచ్చాయి. డబ్బులో హస్తిమశకాంతరం ఉంది, పద్ధతిలో మాత్రం అంతరమేమీ లేదు. జట్టు మనుషులే ఫిర్యాదు విన్నారు, జట్టు మనుషులే తేల్చారు.

అంత జరిగినా, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2021 ఆగస్టులో ఏమని తేల్చిందో చూడండి. బేలర్ వైఫల్యాలు ఎంత దారుణమైనా, లైంగిక హింస ఫిర్యాదులను పట్టించుకోకపోవడం తమ క్రీడా నియమాల ఉల్లంఘన కిందికి రాదంది. వేరే చిన్న తప్పులకు ప్రొబేషన్ వేసి ఊరుకుంది. ఆటగాడు ఎవరి దగ్గరో ఉచితంగా భోజనం చేస్తే పట్టుకునే నియమాలు ఇంతటి నేరానికి లేకపోయాయి. నియమం రాసేటప్పుడు ఎవరి నష్టాన్ని కళ్ల ముందు పెట్టుకున్నారన్నదే ఇక్కడా ప్రశ్న.

మార్పు ముక్కలుముక్కలుగా వచ్చింది. 2015లో ఆగ్నేయ రాష్ట్రాల కాలేజీల కాన్ఫరెన్స్, తీవ్రమైన దుష్ప్రవర్తనతో ఒకచోట తొలగించిన ఆటగాణ్ణి తమ కాలేజీలేవీ చేర్చుకోకూడదని నియమం పెట్టింది. 2017లో ఇండియానా విశ్వవిద్యాలయం లైంగిక హింస చరిత్ర ఉన్నవారిని ఏ జట్టులోకీ తీసుకోమంది. 2020లో ఎన్‌సీఏఏ, ఇలాంటి కేసుల్లో శిక్ష పడిందా లేదా అని ఆటగాళ్లే ఏటా రాసివ్వాలనీ, కాలేజీ మారినప్పుడు పాత కాలేజీని అడిగి తెలుసుకోవాలనీ విధానం ఆమోదించింది. జట్టులోకి ఎవరు రావచ్చన్నది కోచ్ ఒక్కడి ఇష్టం కాదన్న సూత్రం నిలబడడానికి నెబ్రాస్కా సంఘటన నుంచి పాతికేళ్లు పట్టింది.

నిందితుడి పక్షాన చెప్పాల్సింది కూడా గట్టిగానే చెప్పాలి. 2023 జులైలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ జట్టులో జరిగిన ర్యాగింగ్ మీద విచారణ చేయించి, కోచ్ ప్యాట్ ఫిట్జెరాల్డ్‌ను రెండు వారాలు సస్పెండ్ చేసింది. మరునాడు విద్యార్థి పత్రిక వివరాలు అచ్చువేసింది, దేశమంతా గగ్గోలు పుట్టింది, మూడు రోజుల్లో కోచ్‌ను తీసేశారు. ఆయన కోర్టుకెక్కాడు, 2025లో రాజీతో ముగిసింది. ర్యాగింగ్ జరిగిన మాట నిజం. కానీ విచారణ ముగించి ఒక శిక్ష వేసి, పత్రికలో వచ్చాక ఇంకో శిక్ష వేస్తే దాన్ని న్యాయమనలేం. మన హైదరాబాద్ క్రికెటర్ అజహరుద్దీన్ మీద మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణతో 2000లో క్రికెట్ బోర్డు వేసిన జీవితకాల నిషేధం చెల్లదని 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అప్పటికి పన్నెండేళ్లు గడిచాయి, ఆట వయసు దాటిపోయింది. ఫిక్సింగ్ విషయంలో ఎవరి అభిప్రాయం ఏదైనా, విచారణ సరిగా జరపకుండా వేసిన శిక్ష ఎవరికీ తృప్తి ఇవ్వదు. నేరం రుజువైందనీ అనలేం, కాలేదనీ అనలేం.

మన జిల్లాల్లో దీనికి ఇంకో కోణముంది. ఎమ్మెల్యే నుంచి ఫోన్ చేయించగలిగిన పిల్లవాడు తప్పించుకుంటాడు. అడిగేవాళ్లు లేని ఎస్సీ హాస్టల్ పిల్లవాడో, తండా నుంచి వచ్చిన పిల్లవాడో అదే తప్పుకు టీసీ చేతబట్టుకుని పోతాడు. రాసిన పద్ధతి లేకపోతే నష్టం ఫిర్యాదుదారుకే కాదు, బలంలేని నిందితుడికీ జరుగుతుంది. అందుకే నోటీసు ఇవ్వాలి, అతని మాట వినాలి, నిర్ణయానికి కారణం రాయాలి. సాక్ష్యం దొరకలేదని హాస్టల్ మొత్తానికి శిక్ష వేయడానికి యూజీసీ నిబంధనలు అవకాశమిస్తున్నాయి గానీ, నాకైతే అది మంచిదనిపించదు. నోరు విప్పుదామనుకున్న నలుగుర్నీ అది శత్రువులను చేస్తుంది.

మరి విచారణ తేలేదాకా ఆటగాణ్ణి ఏం చేయాలి? చదువు వేరు, జెర్సీ వేరు. ర్యాగింగ్ చట్టమే సస్పెండ్ చేయమనే సందర్భాలు వదిలేస్తే, నేరం తేలకముందే తరగతికి రావద్దంటే అతని హక్కు పోతుంది. జట్టులో స్థానం అలా హక్కు కాదు. ఫామ్ బాగా లేదని తీస్తాం, మోకాలి నొప్పని తీస్తాం, పొద్దున ప్రాక్టీసుకు రాలేదని తీస్తాం. మొదటి చూపుకు నిజమనిపించే తీవ్రమైన ఫిర్యాదు ఉన్నప్పుడు కొన్ని వారాలు జట్టుకు దూరంగా ఉంచడం శిక్ష కిందికి రాదు. విచారణ త్వరగా ముగిస్తే అతనికీ నష్టం తక్కువ. ఆరోపణ తప్పని తేలితే ఆ సంగతి నోటీసు బోర్డు మీద పెట్టి, తర్వాతి పోటీకి తీసుకోవాలి. "బతుకు ఖరాబైతది" అన్న భయానికి నా జవాబు ఇదే. చదువు పోనివ్వొద్దు, హాజరు పోనివ్వొద్దు, కౌన్సెలింగ్ ఇప్పించండి. మైదానం మాత్రం ఆగుతుంది.

ఇక్కడ మహిళా ఆటగాళ్ల సంగతి విడిగా చెప్పాలి. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ నిబంధనలు 2016లో అమల్లోకి వచ్చాయి. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ, మహిళా అధ్యక్షురాలు, విద్యార్థుల విషయమైతే విద్యార్థి సభ్యులు కూడా ఉండాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవారు ఆ కమిటీలో ఉండకూడదని స్పష్టంగా రాశారు. అధికారం ఉన్నవాడు తీర్పరి కావొద్దన్న సూత్రం మన నిబంధనల్లోనే ఉందన్నమాట. జట్టు ఎంపిక చేసే చేతికి ఆ సూత్రం వర్తింపజేయడమే మిగిలింది. శిక్షల్లో లైబ్రరీ, హాస్టల్, రవాణా, స్కాలర్‌షిప్, గుర్తింపు కార్డు ఆపడం ఉన్నాయి గానీ ర్యాగింగ్ నిబంధనల్లో ఉన్నట్టు పోటీల మాట పేరుపెట్టి లేదు. సవరించాల్సిన చోటు ఇది.

ఫిర్యాదుదారుకు నిందితుడు దూరంగా ఉండేలా చూడాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. కోచింగ్ క్యాంపును ఒకసారి ఊహించండి. అబ్బాయిల, అమ్మాయిల జట్లకు గ్రౌండు ఒకటే, పొద్దున ఆరింటికి వార్మప్ ఒకటే, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు పంచే బల్ల ఒకటే. దూరంగా ఉండాలంటే ఇద్దరిలో ఒకరు మానాలి. మన దగ్గర మానేది ఎప్పుడూ అమ్మాయే. ఇంట్లో తెలిస్తే ఆట మాన్పించి పెళ్లి చేస్తారన్న భయంతో చెప్పనివాళ్లు ఇంకెందరో. 2023లో లైంగిక వేధింపుల మీద రెజ్లర్ల ఆందోళన నడుస్తుండగా జాతీయ మానవ హక్కుల సంఘం, సరైన ఫిర్యాదుల కమిటీలు లేవని పలు జాతీయ క్రీడా సమాఖ్యలకు నోటీసులిచ్చింది. ఒలింపిక్ పతకాలు తెచ్చిన వాళ్లకే దిక్కు లేకపోతే, నారాయణపేట నుంచి వచ్చిన ఖోఖో పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానం గురించి మాట్లాడుతోంది, సంతోషం. అయితే దాని చూపు ప్రధానంగా సమాఖ్యల మీద. కాలేజీ మైదానం బాధ్యత యూజీసీ, విశ్వవిద్యాలయాల సంఘం, రాష్ట్ర ప్రభుత్వాలదే.

కాలేజీ మారే విషయంలో మనం అమెరికా కన్నా వెనుకబడ్డాం, అదీ చేతిలో సాధనం ఉండి. ప్రతి టీసీలోనూ ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. అందులో "సంతృప్తికరం" అన్న మాట తప్ప వేరేది రాయడం అరుదు. స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్ అని విడిగా ఇంకొకటి ఇస్తాం, అందులోనూ అంతే. నేరం రుజువై రస్టికేట్ అయినవాడి గడిలోనూ, ఏ గొడవా లేని పిల్లవాడి గడిలోనూ ఒకే మాట ఉంటే ఆ గడికి అర్థమేముంది? టీసీ మీద జీవితాంతం చెరగని మచ్చ వేయమని నేననను. ఇరవై ఏళ్లకు చేసిన తప్పు నలభై ఏళ్లకు ఉద్యోగానికి అడ్డురాకూడదు. విశ్వవిద్యాలయ క్రీడా విభాగాల మధ్య మాత్రం ఒక ఉత్తరం నడవాలి. మీ దగ్గర ఆడిన ఈ విద్యార్థి మీద విచారణ పెండింగులో ఉందా, శిక్ష ఉందా, ఎప్పటిదాకా అని. వయసు, హాజరు, చదువుతున్న కోర్సు సరిచూడ్డానికి ఎన్నో కాగితాలు అడిగే ఎంట్రీ ఫారంలో ఆ ఒక్క వరుస చేర్చడానికి ఖర్చేమీ లేదు.

విశ్వవిద్యాలయ స్థాయిలో ముగ్గురితో చిన్న కమిటీ ఉంటే చాలు. క్రీడా విభాగానికి చెందనివాళ్లు, అందులో ఒకరైనా మహిళ, ఒకరు చట్టం తెలిసినవారు. ర్యాగింగ్ కమిటీ, ఫిర్యాదుల కమిటీ తేల్చిన కేసులు జట్టుకు సంబంధించినవైతే ఆడనివ్వాలా, ఎప్పటి నుంచి అన్నది ఈ ముగ్గురే చెప్పాలి. సెలెక్షన్ ఉత్తరాలు బయటికి పోకముందే జాబితా వీళ్ల దగ్గరికి ఒకసారి రావాలి. పీడీ సార్లకు ఇది అవమానమేమీ కాదు, పెద్ద బరువు దిగినట్టు. ఊరి పెద్దమనుషులు వచ్చి కూర్చుంటే "నా చేతుల లేదు, కమిటీకి రాసుకోండి" అనగలుగుతారు.

శిక్ష ముగిసిన ఆటగాడు తిరిగి రావడం గురించి మన నిబంధనలేవీ మాట్లాడవు. రావాలి, దారి మూసేయకూడదు. అయితే అతను ఫలానా తేదీన క్యాంపులో చేరుతున్నాడన్న సంగతి ఫిర్యాదు చేసిన విద్యార్థికి ముందే ఉత్తరం ద్వారా చెప్పాలి, క్యాంపు సమయం, హాస్టల్ గది, ప్రయాణం విషయంలో ఆ విద్యార్థి అభ్యంతరాలు అడిగి తెలుసుకోవాలి. ఆ ఉత్తరం మీద సంతకం ఈ ముగ్గురి కమిటీది కావాలి. పీడీ సారుకు నకలు అందితే సరిపోతుంది.